అద్దం ముందు నిమ్మకాయ

మా చిన్న మామ కొండ బస్సు డ్రైవరు. తిరుపతిలో కొండ అంటే ఏ కొండ అని ఎవరూ అడగరు కాబట్టి నేనూ చెప్పను.

1985 వేసవి సెలవులు. ఎనిమిది అయిపోయి తొమ్మిదిలోకి వస్తున్నాను. ఇంట్లో ఉంటే అమ్మ మిద్దె మీద వడియాలకు కాపలా పెడుతుందని, మామ పొద్దున్నే డ్యూటీకి బయల్దేరేటప్పుడు వెంటపడేదాన్ని. నాలుగుసార్లు అడిగితే ఒకసారి సరేననేవాడు. అప్పటి బస్సుల్లో ఇంజను లోపలే, డ్రైవరు పక్కనే ఉండేది. దాని మీద ఇనుప మూత, మూత మీద చిరుగులు పడిన రెక్సిన్ పరుపు. అదే బోనెట్. దాని మీద కూర్చుంటే కింద నుంచి సెగ, మోకాలి పక్కన వణికే గేరు రాడ్డు, ఎదురుగా అద్దం నిండా కొండ. విమానంలో కిటికీ సీటు దొరికినప్పుడు కూడా నాకు అంత గర్వం కలగలేదు.

తొలి ట్రిప్పుకు ముందు మామ ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాడు. ఒక కాయ మాత్రం మిగిల్చి, అద్దం ముందున్న పలక మీద, స్వామి పటం కింద పెట్టేవాడు. ఆ నిమ్మకాయ గురించే ఇదంతా.

కొండకు ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఒక రోడ్డు. దిగేది పాతది, 1944లో వేసింది. రెండోది 1974లో వచ్చేదాకా పైకి పోయే బస్సులూ కిందికి వచ్చే బస్సులూ ఆ ఒక్క దారిలోనే ఎదురెదురుగా తిరిగేవట. ఆ పాత రోడ్డు మలుపులు ఎట్లాంటివో దిగినవాళ్ళకు తెలుసు. కొన్ని చోట్ల బస్సు ముక్కు లోయ మీదికి పోయి, ఇక అయిపోయింది అనుకునేసరికి రోడ్డు మళ్ళీ కింద కనబడుతుంది. వెనక సీట్లలో గుండ్లు చేయించుకున్నవాళ్ళంతా ఒకేసారి ఒక పక్కకు ఒరిగి, "గోవిందా" అనేవాళ్ళు. కొందరు భక్తితో, ఎక్కువమంది భయంతో.

నేను వాళ్ళను చూసేదాన్ని కాదు, నిమ్మకాయనే చూసేదాన్ని. బస్సు ఎడమకు తిరిగితే అది కుడికి, మామ వైపు దొర్లేది. కుడికి తిరిగితే నా వైపు. పడిపోకుండా పట్టుకుని మళ్ళీ మధ్యలో పెట్టడమే నా డ్యూటీ. నాలుగు మలుపులు అయ్యాక అడిగాను.

"దాన్ని ఎవురు తోస్తా ఉండారు మామా?"

"ఎవురూ తోయడం లే పాపా. అది పొయ్యే దోవన అది పోతా ఉండాది. మనమే తిరిగినాం."

అంతే అన్నాడు. మలుపుల్లో మాట్లాడే మనిషి కాదు. ఏడో తరగతితో చదువు ఆపేసినవాడు, ఏదో మాట వరసకు అన్నాడనుకున్నాను.

ఆ ఏడాదే ఫిజిక్స్‌లో న్యూటన్ గమన నియమాలు వచ్చాయి. మాది తెలుగు మీడియం. "బాహ్యబలం ప్రయోగించనంత వరకు నిశ్చల స్థితిలో ఉన్న వస్తువు నిశ్చల స్థితిలోనే, సమవేగంతో సరళరేఖలో చలిస్తున్న వస్తువు అదే స్థితిలోనే ఉంటుంది." ఒక్క ఊపిరిలో చెప్పాలి. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటి నుంచి. జడత్వం, త్వరణం, ద్రవ్యవేగం, స్థానభ్రంశం... ఎంత అందమైన మాటలో! మాకవి అష్టోత్తరంలో నామాల లాంటివి. తప్పు లేకుండా చదివితే పుణ్యం, అర్థం అడిగితే పాపం.

యూనిట్ టెస్టులో ఒక ప్రశ్న ఇచ్చారు. బస్సు మలుపు తిరిగేటప్పుడు ప్రయాణికులు బయటి వైపుకు ఎందుకు తూలుతారు? గైడులో జవాబు రెండు ముక్కలు: అపకేంద్ర బలం వల్ల. నాకు నిమ్మకాయ గుర్తొచ్చింది. "ప్రయాణికులు ఎక్కడికీ తూలరు. వాళ్ళు నేరుగానే పోతుంటారు. బస్సే తిరుగుతుంది" అని రాశాను. సున్నా వచ్చింది. సున్నా వచ్చినందుకు కాదు, సారు దాన్ని గట్టిగా చదివి క్లాసు మొత్తాన్ని నవ్వించినందుకు ఏడుపొచ్చింది. ఆయన పేరుగానీ బడి పేరుగానీ ఇక్కడ అనవసరం. డిగ్రీలో చేరాక తెలిసింది, ఇద్దరిలో ఎవరమూ పూర్తిగా తప్పు కాదని. బస్సులో కూర్చుని, బస్సు కదలడం లేదనుకుని లెక్క వేసేవాడికి ఆ బయటికి తోసే బలం కావాలి, లేకపోతే లెక్క తెగదు. అందుకే దాన్ని మిథ్యాబలం అంటారు. రోడ్డు పక్క చెట్టు కింద నిలబడి చూసేవాడికి అట్లాంటి బలమేదీ లేదు. మా మామ మాత్రం బస్సులో కూర్చునే చెట్టు కింద మనిషిలా చూసినాడు. అది చిన్న విషయమేమీ కాదు.

మరి నిజంగా ఉన్న బలం ఏది? టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ. అది లోపలికి, మలుపు కేంద్రం వైపుకు పట్టి లాగుతుంది కాబట్టే బస్సు తిరుగుతుంది. ఆ పట్టు చాలకపోతే బస్సు కూడా నిమ్మకాయలాగే తన దోవన తాను పోతుంది. ఆ దోవ లోయలోకి.

ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూశాను. మలుపు వ్యాసార్ధం 15 మీటర్లనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిరిగితే లోపలి వైపుకు కావలసిన త్వరణం సెకనుకు సెకనుకు సుమారు 2 మీటర్లు. గురుత్వ త్వరణం 9.8 కదా, అందులో ఐదోవంతు. పొడి రోడ్డు మీద టైరు సునాయాసంగా ఇస్తుంది. అదే మలుపులో 40తో పోతే? రెండింతలు కాదు, నాలుగింతలు. 8 దాటుతుంది. అంటే బస్సు మొత్తం బరువులో ఎనభై శాతానికి పైగా బలంతో టైర్లు పక్కకు పట్టి లాగాలి. మంచి టైరుకు కూడా అది కత్తి మీద సాము. ఇక వానపడి రోడ్డు తడిసి ఉంటే చెప్పక్కర్లేదు. మామకు ఈ వర్గాలూ వ్యాసార్ధాలూ తెలియవు. "స్పీడు కొంచెం పెరిగితే భయం శానా పెరుగుతాది పాపా" అనేవాడు. వేగం వర్గానికి అనులోమానుపాతం అని మా పుస్తకంలో రాసింది దీన్నే.

ఆయన దగ్గర ఇంకో అలవాటుండేది. కిందికి దిగి ప్రయాణికులంతా వెళ్ళిపోయాక, బస్సు చుట్టూ తిరిగి ఒక్కో చక్రం దగ్గర వంగి, అరచేయి కాదు, చేతి వెనక భాగం చక్రం లోపలి బ్రేకు డ్రమ్ముకు దగ్గరగా పెట్టి చూసేవాడు. ముట్టుకోడు, సెగ ఎంతుందో చూస్తాడు. సెగ తక్కువుంటే తల ఊపి టీకి పోయేవాడు. ఎక్కువుంటే ఆ రోజు టీ ఆలస్యం, ముఖం గంటుపెట్టుకుని ఉండేవాడు. ఎందుకని అడిగితే, "బ్రేకు తొక్కి దిగేవాడు డ్రైవరు కాదు. ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాల" అన్నాడు.

తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. జనంతో కలిపి పది టన్నుల బస్సు అంత ఎత్తు నుంచి దిగి కింద నింపాదిగా ఆగిందంటే, పైన ఉన్నప్పుడు దానికున్న శక్తంతా దారిలో ఎక్కడో వేడిగా మారిపోయి ఉండాలి. అదెంతో లెక్క కడితే, 200 లీటర్ల డ్రమ్ము నిండా చన్నీళ్ళు పోసి తెర్లించినా ఇంకా మిగిలేంత. ఒక్క ట్రిప్పుకు. అంత వేడినీ బ్రేకుల మీదికే నెడితే లైనర్లు మాడి, వాసనొచ్చి, చివరికి పెడలు తొక్కినా పట్టని స్థితి వస్తుంది. చిన్న గేర్లో దిగితే ఇంజనే బస్సును వెనక్కి పట్టుకుని, ఆ భారంలో పెద్ద భాగం తాను మోస్తుంది. బోనెట్ మీద కూర్చున్న నాకు, దిగేటప్పుడు ఇంజను గొంతు మారి మూలిగినట్టు వినబడేది అందుకే.

బలం గురించి నాకు రెండో పాఠం చెప్పింది మా తాత, పాకాల దగ్గరి పల్లెలో. ఇది న్యూటన్ మూడో నియమం తాలూకు. క్లాసులో నాకొక సందేహం వచ్చింది. ఎద్దు బండిని ఎంత బలంతో ముందుకు లాగుతుందో, బండి కూడా ఎద్దును అంతే బలంతో వెనక్కి లాగుతుంది గదా, మరి రెండూ సరికి సరి అయిపోతే బండి కదలడం ఎట్లా? లేచి అడిగాను. ఇంతకుముందు సున్నా తెచ్చుకున్న పిల్ల కాబట్టి జవాబు బదులు బెంచీ ఎక్కించారు. బెంచీ మీద నుంచి మైదానంలో మేసే మేకలు బాగా కనబడేవి, అదొక లాభం.

ఆ సంక్రాంతికి ఊరికి పోయాము. చెరుకు కొట్టే కాలం. చిత్తూరు బెల్లం పేరు వినే ఉంటారు, మా తాతకూ ఒక గానుగ ఉండేది. తోట నుంచి గానుగకు చెరుకు బండి వస్తుంటే కాలువ దాటేచోట బురదలో దిగబడింది. నలుగురూ చేరి చక్రాలు పట్టి తోస్తున్నారు. పాలేరు చెర్నాకోల ఎత్తాడు. తాత గదమాయించి దాన్ని లాక్కున్నాడు. "దాన్ని కొడితే ఏమొస్తాది రా? కాలు ఊనుకునేదానికి నేల యాడుండాది దానికి?" అని, బండి మీది చెరుకు ఆకు రెండు మోపులు లాగి తెచ్చి పరిచాడు. చక్రాల కింద కాదు. ఎద్దుల కాళ్ళ కింద.

నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. అంతవరకూ గిట్టలు వెనక్కి జారి, బురద ఎగజిమ్ముతోంది తప్ప ఎద్దు ముందుకు రాలేదు. ఆకు పడ్డాక ఎడమెద్దు కాలు మోపింది, జారలేదు, మెడ వంచింది. కుడిది కూడా మోపింది. కాడి కిర్రుమంది. బండి ఒక్క జానెడు కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలి గట్టెక్కింది. నా సందేహం కూడా ఆ బండితోపాటే గట్టెక్కింది.

బండిని లాగేది ఎద్దే గానీ, ఎద్దును ముందుకు తోసేది నేల. ఎద్దు తన గిట్టలతో నేలను వెనక్కి తంతుంది, నేల ఎద్దును ముందుకు తంతుంది. బురదలో గిట్ట జారిపోతుంది, గట్టిగా తన్నడానికి పట్టు దొరకదు, అందుకే బండి నిలిచిపోయింది. ఇక చర్య, ప్రతిచర్య సమానమే అయినా అవి ఒకే వస్తువు మీద పడవు. ఒకటి బండి మీద, ఒకటి ఎద్దు మీద. ఒకరి అప్పును ఇంకొకరి ఖాతాలో కొట్టేస్తే లెక్క సున్నా అయినట్టు కనిపిస్తుంది, అదీ నేను చేసిన పొరపాటు. ఈ ముక్క చెప్పడానికి బెంచీ ఎక్కించాల్సిన పనేముందో ఇప్పటికీ అర్థం కాదు.

శ్రీహరికోట ఇప్పుడు మా తిరుపతి జిల్లాలోనే ఉంది, 2022లో జిల్లాలు మార్చినప్పటి నుంచి. ఆకాశం తేటగా ఉన్న రోజు రాకెట్ ఎగిరితే మా మిద్దె మీద నుంచే నిప్పు మొన, దాని వెనక పొగ తాడు కనిపిస్తాయి. అక్కడ పైన కాలు ఊనుకోవడానికి నేల లేదు. అందుకే తన్నడానికి కావలసినదాన్ని తన కడుపులోనే మోసుకుపోతుంది. మండిన వాయువును కిందికి తన్ని తాను పైకి పోతుంది. చూసిన ప్రతిసారీ నాకు చెరుకు ఆకు మోపులే గుర్తొస్తాయి.

అవ్వ సంగతి చెప్పకపోతే ఊరుకోదు, ఎక్కడున్నా. అవ్వ ప్రతి ఏడాదీ అలిపిరి నుంచి నడిచే కొండ ఎక్కేది. 3550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. మోకాళ్ళ పర్వతం దగ్గర నిజంగానే మోకాళ్ళ మీద నాలుగు మెట్లు ఎక్కి దణ్ణం పెట్టుకునేది. ఆమెకు నేను పాఠం చెప్పబోయాను. "అవ్వా, నువ్వు నడిచిపోయినా, నేను బస్సులో 18 కిలోమీటర్లు తిరిగిపోయినా, స్థానభ్రంశం ఇద్దరికీ ఒకటే. మళ్ళీ ఇంటికొచ్చేస్తే ఇద్దరికీ సున్నా."

"సున్నానా?" అంది అవ్వ కాళ్ళు చాపుకుని, కొబ్బరినూనె రాసుకుంటూ. "అయితే ఈ నొప్పులెవురివే?"

దూరానికీ స్థానభ్రంశానికీ తేడా ఇంతకంటే బాగా చెప్పిన పుస్తకం నేను చూడలేదు.

బరువు, ద్రవ్యరాశి తేడా కూడా కొండ మీదే తేలింది. మా తమ్ముడికి తులాభారం మొక్కు ఉంటే ఒక పక్క వాణ్ణి, ఒక పక్క చక్కెర పెట్టి తూచారు. ఇదే తులాభారం చంద్రుడి మీద వేస్తే? అక్కడ బరువులు ఆరోవంతే. అయినా చక్కెర ఒక్క గింజ కూడా తగ్గదు, ఎందుకంటే తమ్ముడూ తేలికవుతాడు, చక్కెరా తేలికవుతుంది. స్ప్రింగు త్రాసుతో తూచితేనే స్వామికి నష్టం. ఇక న్యూటను అంటే ఎంత బలమో తెలియాలంటే, 175 గ్రాముల లడ్డు అరచేతిలో పెట్టుకోండి. అది మీ చేతిని 1.7 న్యూటన్లతో కిందికి నొక్కుతుంది. తినేయకుండా కాసేపు ఉంచుకోగలిగితే.

గోవిందరాజస్వామి తేరు గురించి కూడా రాయాలని మొదలుపెట్టాను గానీ, ఒక్క మాట చాలు. తేరు కదిలేముందు మోకులు బిగుసుకుని, వందలమంది ఒళ్ళు వెనక్కి వాల్చి లాగినా అంగుళం కదలదు. "గోవిందా" అని అందరూ ఒకే క్షణాన ఊపితే కదులుతుంది. కదిలాక మాత్రం అంత బలం అక్కర్లేదు. నిలకడలో ఉన్నప్పటి ఘర్షణ ఎక్కువ, కదలికలో తక్కువ. ఆపైన కష్టమంతా ఆపడానికే. చక్రం ముందు చెక్క పెట్టే మనుషులు మోకు లాగేవాళ్ళకంటే ఎక్కువ చెమట పట్టి ఉంటారు. బేరి వీధి మలుపులో చూడండి ఈసారి. జనం తేరు మీదికి ఉప్పూ మిరియాలూ చల్లుతుంటే, వాళ్ళ కళ్ళు మాత్రం చక్రం మీదే ఉంటాయి.

మామ రిటైరై చాలా ఏళ్ళయింది. పోయిన నెల నా కార్లో ఆయన్ను కొండకు తీసుకుపోయాను. డ్రైవింగు నేనే. ఇప్పుడు కార్లకు టైము వేసి చీటీ ఇస్తారు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు, అంతకంటే ముందు గేటు చేరకూడదు. 19 కిలోమీటర్లు 40 నిమిషాలంటే సగటున గంటకు 28న్నర. సగటు అనే మాటలో ఉన్న కిటుకు జనానికి బాగా తెలుసు. మలుపుల్లో దూసుకొచ్చి, కింద గేటుకు ముందు రోడ్డు పక్కన ఆపుకుని, చీటీ చూసుకుంటూ వేరుశనక్కాయలు తింటుంటారు. నేనూ పెద్ద తేడా ఏమీ కాదు. ఆరు నిమిషాలు ముందొచ్చేశాను.

దారి పొడుగునా మామ ఏమీ అనలేదు. ప్రతి మలుపుకు ముందు ఆయన కుడికాలు మాత్రం మ్యాటును నొక్కడం ఓరకంట చూస్తూనే ఉన్నాను. కారు ఆపగానే తలుపు తీసుకుని, మెల్లగా దిగి, ముందు చక్రం దగ్గరికి పోయాడు. మోకాలు పట్టుకుని వంగి, చేతి వెనక భాగం చక్రానికి దగ్గరగా పెట్టాడు. రెండు సెకన్లు కూడా ఉంచలేదు.

"కాలిపోతా ఉండాది పాపా" అన్నాడు. "ఫిజిక్స్ చదివినావు గదా?"

చీటీలో ఇంకా నాలుగు నిమిషాలుంది. మామ కారెక్కలేదు. బయటే నిలబడి, చక్రం చల్లారిందో లేదో ఇంకోసారి చూశాడు.